వారంలో ఐదారు రోజులు చెమటోడ్చేవారికి టీషర్టు ఎంపిక

వారానికి ఒకటి రెండు సార్లు పార్కులో నడిచి వచ్చేవారికి బీరువాలో చేతికి అందిన టీషర్టు ఏదైనా సరిపోతుంది. వారంలో ఐదారు రోజులు జిమ్ముకో, పరుగుకో, బ్యాడ్మింటన్ కోర్టుకో వెళ్లి గంటసేపు ఒళ్లు అలిసేలా శ్రమించేవారి సంగతి వేరు. వారి టీషర్టు వారంలో రెండు మూడు సార్లు నిలువునా తడిసి, ఉతుకుడుకు వెళ్లి, ఆరి, తిరిగి ఒంటిమీదికి రావాలి. ఏడాది తిరిగేసరికి వందకు పైగా ఉతుకులు తిన్నా దాని ఆకారం చెడకూడదు, వాసన పట్టకూడదు, అది చర్మాన్ని ఒరుసుకోకూడదు. ఈ పరీక్షకు ఏది నిలుస్తుందో ఛాతీమీది కంపెనీ గుర్తు చెప్పలేదు. లోపలి పక్కన, నడుము దగ్గరి కుట్టులో ఇరికించి ఉండే చిన్న తెల్ల లేబులు చాలావరకు చెబుతుంది. మిగిలినది గుడ్డను వేళ్లతో తడిమి, ఒక చుక్క నీటితో తడిపి తెలుసుకోవచ్చు.

చెమట ఎక్కడికి పోవాలి

శరీరాన్ని చల్లబరిచేది గుడ్డ కాదు, ఆవిరయ్యే చెమట. ఒక లీటరు చెమట చర్మంమీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తనతోపాటు తీసుకుపోతుంది. అదే లీటరు ధారగా కారి నేలపాలైతే, తడి తప్ప చల్లదనం దక్కదు. ఎండలో గట్టిగా పరుగెత్తే మనిషికి గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి కూడా చెమట పడుతుంది కాబట్టి, టీషర్టు చేయవలసిన పని ఒక్కటే: చర్మంమీది తడిని లాగి, గుడ్డ బయటి వైపున వీలైనంత వెడల్పుగా పరిచి, గాలికి అప్పగించడం.

ఈ పనిలో కాటన్‌కూ పాలిస్టర్‌కూ ఉన్న తేడా పోగు స్వభావంలోనే ఉంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే కాటన్ తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం తేమను పోగులోపలికి పీల్చుకుని ఉంటుంది. నైలాన్‌కు ఇది 4 శాతం, పాలిస్టర్‌కు 0.4 శాతం మాత్రమే. పాలిస్టర్ పోగు నీటిని తాగదు. పోగుకూ పోగుకూ మధ్య ఉన్న సన్నని సందుల్లో, ప్రమిదలోని వత్తి నూనెను పైకి లాగినట్లుగా, తడి పాకుతుంది. అందువల్ల అది త్వరగా వ్యాపిస్తుంది, త్వరగా ఆరుతుంది. కాటన్ తాగిన నీటిని వదలడానికి చాలాసేపు తీసుకుంటుంది, ఆలోగా బరువెక్కి కిందికి జారుతుంది, వీపుకు అతుక్కుంటుంది.

అయినా కాటన్ పనికిరాదని తీర్మానించడం తొందరపాటే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, తడిసిన పల్చని కాటన్ టీషర్టు కూడా గాలి తగిలినంతసేపు ఒంటికి హాయిగానే ఉంటుంది. విశాఖపట్నం బీచ్ రోడ్డుమీద ఉదయం ఆరింటికే గాలిలో తేమ నిండి ఉంటుంది. అక్కడ ఏ గుడ్డ వేసుకున్నా చెమట నిదానంగానే ఆరుతుంది కాబట్టి, నీరు పట్టుకుని బరువెక్కని, రంధ్రాలు ఎక్కువగా ఉన్న పల్చని అల్లికను వెతుక్కోవాలి. షికాగో వంటి చోట్ల శీతకాలంలో బయట పరుగెత్తే మనవాళ్లకు సమస్య తలకిందులవుతుంది. తడి కాటన్ ఒంటి వేడిని లాగేసి వణికిస్తుంది, కాబట్టి అక్కడ చర్మానికి ఆనుకుని ఉండే లోపలి పొరగా కాటన్‌ను అసలు వేసుకోకూడదు.

బ్యాడ్మింటన్ ఆడేవారి కష్టం వీరందరికంటే ప్రత్యేకమైనది. గాలి తగిలితే షటిల్ దారి తప్పుతుందని చాలా ఇండోర్ హాళ్లలో ఫ్యాన్లు వేయరు, కిటికీలు తెరవరు. గాలి కదలని చోట ఎంత ఖరీదైన టీషర్టయినా అరగంటలో తడిసి ముద్దవుతుంది. అక్కడ 2,500 రూపాయలు పెట్టి ఒకటి కొనడంకంటే మధ్యరకం టీషర్టులు మూడు కొని, రెండు ఆటల మధ్య మార్చుకోవడం మేలు.

లేబులు చదవడం

రోజువారీ వ్యాయామానికి నా మొదటి ఎంపిక 85 నుంచి 92 శాతం పాలిస్టర్, మిగిలినది ఎలాస్టేన్ ఉన్న గుడ్డ. కొన్ని లేబుళ్లమీద దీన్నే స్పాండెక్స్ అని రాస్తారు, దుకాణాల్లో లైక్రా అంటారు. చేతులు పైకెత్తే, నడుము వంచే కసరత్తుల్లో గుడ్డ శరీరంతోపాటు సాగి వెనక్కి రావడానికి ఇంతమాత్రం చాలు. ఎలాస్టేన్ 15 శాతం దాటితే టీషర్టు ఒంటికి బిగుసుకునే రకమవుతుంది, ఆరడం కూడా ఆలస్యమవుతుంది. పైగా, వేడికీ క్లోరిన్ బ్లీచ్‌కూ మొదట దెబ్బతినేది ఈ పోగే. కేవలం పరుగు కోసమే కొనేవారికి ఎలాస్టేన్ అసలు లేని నూరు శాతం పాలిస్టర్ మెష్, అంటే జల్లెడలా రంధ్రాలున్న అల్లిక, చాలు, అది తేలికగానూ ఉంటుంది, ఎక్కువకాలమూ మన్నుతుంది.

నైలాన్ కలిసిన గుడ్డ పాలిస్టర్‌కంటే మెత్తగా ఉంటుంది, ఒరిపిడికి బాగా ఓర్చుకుంటుంది. ధర కొంత ఎక్కువ, ఆరడం కొంత నిదానం. బరువులెత్తేవారికి, నేలమీద దొర్లే వ్యాయామాలు చేసేవారికి ఆ ధర గిట్టుబాటవుతుంది. పాలిస్టర్, కాటన్ సగం సగం కలిసిన టీషర్టు చూడటానికి బాగుంటుంది, ఏసీ జిమ్ములో తేలికపాటి కసరత్తుకు సరిపోతుంది. అయితే చంకల కింద, బ్యాగు పట్టీ ఆనేచోట కొన్ని నెలలకే ఉండలు కడుతుంది.

వెదురు టీషర్టు పేరుతో అమ్మేది చాలావరకు వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన విస్కోస్. దాని మెత్తదనం నిజమే. అది కాటన్‌కంటే ఎక్కువ నీటిని తాగుతుందనీ, తడిసినప్పుడు దాని బలం బాగా తగ్గుతుందనీ మాత్రం ఆ అట్టపెట్టెమీద ఎవరూ రాయరు. పడుకునేటప్పుడు వేసుకోవడానికి మంచి గుడ్డే, రోజూ చెమటలో నానడానికి కాదు. మెరినో జాతి గొర్రెల ఉన్ని వాసన పట్టకపోవడంలో అన్నిటికంటే మెరుగు. మన వాతావరణానికి, మన జేబుకు అది అవసరమైన సందర్భాలు తక్కువ.

అల్లిక, బరువు

లేబులుమీద తరచు కనిపించనిదీ, అయినా సగం గుణాన్ని నిర్ణయించేదీ గుడ్డ బరువు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్కను జీఎస్ఎం అంటారు. మామూలు కాటన్ రౌండ్ నెక్ టీషర్టు 180 చుట్టుపక్కల ఉంటుంది. పరుగుకు 100 నుంచి 130, జిమ్ముకు 140 నుంచి 170 మధ్య ఉన్నవి అనుకూలం. వంద లోపు ఉన్నవి తడిసినప్పుడు ఒళ్లు కనిపించేంత పల్చనవుతాయి, బరువులెత్తే ఇనుప కడ్డీ (బార్) గరుకుకు పోగులు లేస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు జీఎస్ఎం చెప్పకపోతే ప్రశ్నల విభాగంలో అడగండి. గుడ్డ గురించి తెలిసి అమ్మేవారైతే జవాబు వెంటనే వస్తుంది.

ఆఫీసు క్రికెట్ లీగుకో, అపార్టుమెంటు పరుగు బృందానికో జెర్సీలు కుట్టించేవారికి దుకాణదారులు డాట్ నిట్, రైస్ నిట్, ఫోర్ వే లైక్రా వంటి పేర్లు చెబుతారు. డాట్ నిట్‌లో చుక్కచుక్కలుగా సన్నని గుంటలుంటాయి. చవక, తేలిక, గాలి బాగా ఆడుతుంది. మారథాన్‌లలో ఉచితంగా ఇచ్చే టీషర్టులు ఎక్కువగా ఈ జాతివే. రైస్ నిట్ బియ్యపు గింజల ఆకారపు అల్లికతో కొంచెం దిట్టంగా ఉంటుంది. ఫోర్ వే లైక్రా నిలువుకూ అడ్డానికీ సాగుతుంది. పెద్ద సంఖ్యలో ఆర్డరు ఇచ్చేటప్పుడు దారంలో ఎన్ని పోగులున్నాయో కూడా అడగవచ్చు. ఒకే లావు దారంలో 36 పోగులకు బదులు 72 పోగులుంటే ఒక్కొక్క పోగు అంత సన్నబడుతుంది, సందులు పెరుగుతాయి, గుడ్డ మెత్తగా ఉంటూ తడిని వేగంగా లాగుతుంది. పేర్లు, నంబర్లు వేయించేటప్పుడు సబ్లిమేషన్ ప్రింటునే కోరండి. ఆ రంగు ఆవిరిగా మారి పాలిస్టర్ పోగులోపలికి దిగుతుంది కాబట్టి పెచ్చులూడదు, రంధ్రాలను మూయదు. గుడ్డపైన ప్లాస్టిక్ పొరలా అతికించే పెద్ద బొమ్మ ఛాతీమీద చెమటను బంధిస్తుంది, కొన్నాళ్లకు పగుళ్లిస్తుంది.

దుకాణంలో ఐదు నిమిషాల పరీక్ష

మొదట టీషర్టును లోపలివైపు బయటికి తిప్పండి. చర్మానికి తగిలేది ఆ వైపే. భుజంమీది, చంక కింది కుట్లను బొటనవేలితో గట్టిగా రుద్దుతూ పోండి. మామూలు ఓవర్‌లాక్ కుట్టు గట్టులా పొడుచుకుని వేలికి తగులుతుంది, ఫ్లాట్‌లాక్ కుట్టు రెండు అంచులనూ పక్కపక్కన పరిచి కుట్టినట్లుగా దాదాపు సమతలంగా ఉంటుంది. పది నిమిషాలకు తెలియని ఈ తేడా పది కిలోమీటర్ల పరుగులో చంక కింద ఎర్రటి గీతగా తేలుతుంది. మెడ వెనక కుట్టిన లేబులు కంటే గుడ్డమీదే అచ్చు వేసిన లేబులు మంచిది. కత్తిరించినా మిగిలిపోయే కుట్టిన లేబులు మొదలు తడిసిన మెడకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

తరువాత గుడ్డను రెండు చేతులతో అడ్డంగా లాగి వదలండి. వెంటనే యథాస్థితికి రావాలి. లాగినచోట అలలు మిగిలితే ఆరు నెలలకు దాని చేతుల అంచులూ మెడపట్టీ వేలాడతాయి. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అల్లిక సమంగా ఉందో, ఒకచోట దట్టంగా ఒకచోట పల్చగా ఉందో తెలుస్తుంది.

అన్నిటికంటే విలువైనది నీటిచుక్క పరీక్ష. సీసాలోని నీటితో వేలు తడిపి, దుకాణదారు అనుమతితో, లోపలివైపు ఒక చుక్క రాల్చండి. మంచి గుడ్డమీద చుక్క రెండు మూడు సెకన్లలో ఇంకిపోయి, తడి మచ్చ గుండ్రంగా వ్యాపిస్తూ, తిప్పి చూస్తే బయటివైపున లోపలికంటే పెద్దదిగా కనిపిస్తుంది. చుక్క ముత్యంలా నిలబడి జారిపోతే, లేబులుమీద డ్రై అనే మాట ఎన్నిసార్లు అచ్చయినా ఆ గుడ్డ చెమటను చర్మంమీదే వదిలేస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారు తిరిగి పంపే గడువు ముగియకముందే, ట్యాగు తీయకుండా ఇంట్లోనే ఈ పరీక్ష చేయవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని టీషర్టుల్లో తడిని లాగే గుణం పోగు ఆకారంలో, అల్లికలో ఉంటుంది, కొన్నిటిలో పైన పట్టించిన రసాయనపు పూతలో మాత్రమే ఉంటుంది. పూత ఉతికిన కొద్దీ పోతుంది. ఒకేసారి నాలుగు కొనకుండా ఒకటి కొని, పది ఉతుకుల తరువాత మళ్లీ చుక్క వేసి చూసి, అప్పుడు మిగిలినవి తీసుకోవడం తెలివైన పద్ధతి.

ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి చూసుకోవడం చాలదు. రెండు చేతులూ నిటారుగా పైకెత్తండి, పొట్ట బయటపడకూడదు. చేతులు ముందుకు చాచి కౌగిలించుకున్నట్లు మడవండి, వీపు మీద గుడ్డ బిగుసుకోకూడదు. ఒకసారి గుంజీలు తీసినట్లు కూర్చుని లేవండి, టీషర్టు నడుము పైకి ఎగబాకి అక్కడే ఉండిపోకూడదు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముకమీద పడే టీషర్టు వీపుమీద బార్ మోసేవారికి నొప్పి పెడుతుంది. మెడ నుంచి చంక వరకు ఏటవాలుగా కుట్టే రాగ్లాన్ చేతులు వారికి అనుకూలం.

వదులా బిగుతా అన్నది అభిరుచి మాత్రమే కాదు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన కెవిన్ ప్లాంక్, లోపల వేసుకునే కాటన్ టీషర్టులు చెమటకు బరువెక్కడం చూసి, ఒంటికి అతుక్కునే సింథటిక్ టీషర్టులతో 1996లో అండర్ ఆర్మర్ సంస్థను మొదలుపెట్టారు. చర్మానికి ఆనుకున్న గుడ్డే చెమటను లాగగలదన్న ఆలోచన సరైనదే, ఏసీ జిమ్ములో, చల్లని వాతావరణంలో బిగుతు టీషర్టు బాగా పనిచేస్తుంది. మన ఉక్కపోతలో ఆరుబయట మాత్రం కొంచెం వదులుగా ఉన్నదే మేలు, ఎందుకంటే కదిలినప్పుడల్లా గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి మారుతుంది.

వ్యాయామాన్ని బట్టి మారే చిన్న విషయాలు

బరువులెత్తేవారికి నున్నని పాలిస్టర్ ఒక చిక్కు తెస్తుంది. పడుకుని బరువెత్తే బెంచ్ ప్రెస్‌లో రెగ్జిన్ బెంచీమీద వీపు జారుతుంది, బరువు మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్‌లో బార్ వీపుమీద నిలవదు. భారీ బరువులెత్తే రోజున మందపాటి కాటన్ టీషర్టు వేసుకోవడమే మంచిది, ఈ ఒక్కచోట ఖరీదైన టీషర్టు దానికి సాటిరాదు. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లేవారు తమ సమాఖ్య నియమాలు చూసుకోవాలి, రబ్బరు వంటి సాగే పదార్థం ఉన్న టీషర్టులను వాటిలో అనుమతించరు.

ఎండలో పరుగెత్తేవారు యూపీఎఫ్ అంకె చూడవచ్చు. యూపీఎఫ్ 50 అంటే అతినీలలోహిత కిరణాల్లో 2 శాతం మాత్రమే గుడ్డను దాటుతుందని అర్థం. పల్చని తెల్ల కాటన్‌కు ఈ అంకె చాలా తక్కువ, తడిస్తే మరింత తగ్గుతుంది. దూరపు పరుగుల్లో మగవారికి చనుమొనలు ఒరుసుకుని రక్తం రావడం అరుదేమీ కాదు. టీషర్టు ఎంత మంచిదైనా వ్యాజిలిన్ రాసుకోవాలి లేదా టేపు అంటించుకోవాలి. పోటీ రోజున కొత్త టీషర్టు తొడగవద్దు.

రంగు విషయంలో, చెమట మచ్చలు కనిపించకూడదనుకుంటే బూడిద రంగును వదిలేసి నలుపు, నేవీ బ్లూ, తెలుపు ఎంచుకోండి. అంతకుమించి ఆలోచించనవసరం లేదు.

వాసన, ఉతుకు

పాలిస్టర్ ప్రధాన లోపం వాసన. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన సైక్లింగ్ వ్యాయామం తరువాత సేకరించిన టీషర్టులను పోల్చినప్పుడు కాటన్‌కంటే పాలిస్టర్ ఎక్కువ దుర్వాసన వేసింది. మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలిస్టర్‌మీద బాగా పెరిగినట్లు వారు గుర్తించారు. పాలిస్టర్ నీటిని తాగకపోయినా చర్మంమీది నూనెను పట్టుకుంటుంది, ఆ నూనె మామూలు ఉతుకుకు పూర్తిగా వదలదు. వెండి కణాల పూతతో వాసన రాదని చెప్పే టీషర్టులు కొత్తలో పనిచేస్తాయి, కానీ ఆ ప్రభావం ఉతికిన కొద్దీ తగ్గుతుంది కాబట్టి దానికోసం ధరలో పెద్ద తేడా చెల్లించడం నాకు సమంజసంగా తోచదు.

ఆ డబ్బుకు బదులు అలవాటు మార్చుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. వ్యాయామం ముగిసిన వెంటనే టీషర్టు మార్చుకోవాలి. తడి గుడ్డలో గంటలు గడపడం తామర వంటి చర్మవ్యాధులకు చోటిస్తుంది. విప్పిన దాన్ని జిమ్ బ్యాగులో ముద్దగా కుక్కకుండా, ఇంటికి రాగానే చన్నీళ్లలో జాడించి ఆరవేయాలి. ఉతుకుడు మరునాటికి వాయిదా పడినా ఈ జాడింపు వాయిదా పడకూడదు. మెషిన్‌లో వేసేటప్పుడు లోపలివైపు బయటికి తిప్పి, 30 డిగ్రీలు దాటని నీటిలో, జీన్స్ జిప్పులకూ తువాళ్ల నూగుకూ దూరంగా ఉతకాలి. పొడి ఎక్కువ వేస్తే శుభ్రత పెరగదు, మిగిలిపోయిన సబ్బు పోగుల సందుల్లో చేరి వాసనకు ఆధారమవుతుంది. బండమీద బాదడం, గట్టి బ్రష్షుతో రుద్దడం పోగులను లేపుతాయి.

సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ ఈ టీషర్టులకు శత్రువు. అది పోగుమీద మైనం వంటి పొర వేసి, తడి పాకే దారులను మూసేస్తుంది. దాని వల్ల నీటిచుక్క పరీక్షలో నెగ్గిన గుడ్డ కూడా కొన్ని వారాల్లో ఓడిపోతుంది. వాసన అప్పటికే పట్టినట్లయితే అరబకెట్ నీటిలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, తరువాత మామూలుగా ఉతకండి. వెనిగర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ బ్లీచ్‌తో కలపవద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నీడలో, గాలి తగిలేచోట ఆరవేస్తే చాలు, ఇస్త్రీ అక్కరలేదు.

వారానికి ఐదు రోజులు వ్యాయామం చేసి, రెండు రోజులకొకసారి ఉతికే ఇంట్లో నాలుగు టీషర్టులు సరిపోతాయి. 500 నుంచి 1,000 రూపాయల మధ్య మంచి గుడ్డ దొరుకుతుంది. ఆపై ధరలో కొంత కుట్టు నాణ్యతకు, ఎక్కువ భాగం పేరుకు పోతుంది. నాలుగింటినీ వంతులవారీగా వాడి, వాటిలో ఒకదాన్ని కాటన్ లేదా కాటన్ మిశ్రమంగా ఉంచుకుంటే బరువుల రోజుకు పనికివస్తుంది.

ఉతికి ఆరిన టీషర్టు పొడిగా ఉన్నప్పుడు వాసన లేకుండా, ఒళ్లు వేడెక్కిన ఐదు నిమిషాలకే పాత వాసన విడుస్తుంటే, వెనిగర్‌కు కూడా లొంగకపోతే, దాన్ని మార్చే సమయం వచ్చినట్లే. మెడపట్టీ అలలు తేలడం, గుడ్డను లాగినప్పుడు తెల్లని సన్నని ఎలాస్టేన్ పోగులు తెగి బయటికి రావడం కూడా అలాంటి గుర్తులే. పాత కాటన్ బనియన్‌లా దీన్ని ఇల్లు తుడిచే గుడ్డగా మార్చాలని మాత్రం ఆశించవద్దు, నీటిని తాగని పోగు నేలమీది తడిని అటూ ఇటూ నెడుతుంది తప్ప తీయదు. దుమ్ము దులపడానికి, సైకిల్ గొలుసు తుడవడానికి ఉపయోగించుకోవచ్చు.